ఎనిమిది వారాల తల్లితనం

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన ఊళ్ళలో అనడం అందరూ వినే ఉంటారు. ఏడు అన్న లెక్క ఎలా ఉన్నా తిప్పడం మాత్రం నిజం. ఈనిన చోట వాసన పెరిగినా, మనుషుల అలికిడి ఎక్కువైనా, గండుపిల్లి ఆ ఛాయలకు వచ్చినా, తల్లి ఒక్కొక్క పిల్లనే మెడ వెనక చర్మంతో పట్టుకుని కొత్త చోటికి మోస్తుంది. అటక మీది నుంచి పక్కింటి గోడౌన్‌లోకి, అక్కడి నుంచి ఎవరో మెట్ల కింద పడేసిన అట్టపెట్టెలోకి. నాలుగు పిల్లలుంటే నాలుగు విడతలు. ఆ విడతల మధ్య ఒకటో రెండో కూనలు కళ్ళయినా తెరవకుండా, గొంతు చించుకుని అరుస్తూ మన కంటపడతాయి. చూసినవాళ్ళు అనాథలనుకుని, జాలితో ఇంటికి తెచ్చేస్తారు. తల్లి ఉన్న పిల్లలు అలా మన చేతుల మీదుగానే తల్లి లేనివైపోతాయి.

అందుకే పిల్లిపిల్లల్ని సాకడం గురించి రాసేటప్పుడు ముందు చెప్పాల్సింది వాటిని ఎత్తుకోకుండా ఆగడం గురించే. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడాలి. తల్లి వేటకో, తిండికో వెళ్ళి ఉండవచ్చు. మనం అక్కడే నిలబడి ఉంటే అది రాదు. కూనల చుట్టూ నేల మీద కాస్త పిండి చల్లి వెళ్తే, తిరిగొచ్చేసరికి పాదాల గుర్తులు సంగతి చెబుతాయి. పిల్లలు వెచ్చగా, శుభ్రంగా, పొట్టలు గుండ్రంగా నిద్రపోతుంటే తల్లి ఉన్నట్టే. ఒళ్ళు చల్లబడి, మురికిగా ఉండి, చీమలు పట్టి, ఆగకుండా అరుస్తుంటే ఇక ఎదురుచూడకూడదు. మనిషి చేయి తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్న భయం అక్కర్లేదు. పిల్లుల విషయంలో సాధారణంగా అలా జరగదు.

నిజంగానే తల్లి లేదని తేలితే, మనం ఇంటికి తెచ్చేది నూరు గ్రాముల ప్రాణిని. పుట్టినప్పుడు పిల్లికూన బరువు 90 నుంచి 110 గ్రాములు. చెవి రంధ్రాలు మూసుకుని ఉంటాయి. కనురెప్పలు అతుక్కుని ఉంటాయి. నిలబడలేదు, వణకలేదు, తనంత తానుగా మూత్రం కూడా పోయలేదు. శ్రీవైష్ణవులు శరణాగతిని వివరిస్తూ మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండు దృష్టాంతాలు చెబుతారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే పట్టుకుంటుంది. పిల్లిపిల్ల ఏమీ చేయదు, భారమంతా తల్లిదే. తెంగలై సంప్రదాయం వారు రెండోదాన్ని ఎంచుకున్నారు. ఈ దృష్టాంతం చెప్పిన పెద్దలు పిల్లిని శ్రద్ధగానే గమనించారు. నోట కరుచుకోగానే కూన కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోవడం ఒక నాడీ ప్రతిచర్య. 2008లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పశువైద్యులు మెడ వెనక చర్మాన్ని క్లిప్పులతో మెల్లగా నొక్కి పట్టినప్పుడు ఎదిగిన పిల్లుల్లోనూ ఇలాంటి నిశ్చలతనే చూశారు. అయితే తల్లి పట్టు మనకు తెలియదు కాబట్టి కూనను మెడతో ఎత్తకూడదు. అరచేతిని పొట్ట కింద పెట్టి ఎత్తాలి.

తల్లి లేని కూనకు పాలసీసా ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేను ఈ అధ్యాయంలో చెప్పదలచినది ఇంతే: తల్లి శరీరం చేసే పనులు చాలా ఉన్నాయి, పాలివ్వడం వాటిలో ఒకటి మాత్రమే, అదైనా మొదటిది కాదు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న వరుస తప్పితే మన ప్రేమే కూన ప్రాణం మీదికి తెస్తుంది.

పాల కంటే ముందు వేడి

పెద్ద పిల్లి ఒంటి వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మొదటి వారం కూనకు అది 95 నుంచి 97 మాత్రమే. శరీరం చిన్నది కావడంతో బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం చాలా ఎక్కువ, వేడి త్వరగా బయటికి పోతుంది. వణికి వేడి పుట్టించుకునే శక్తి ఇంకా రాలేదు. అందుకే కూనలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా పడుకుంటాయి, ఆ కుప్ప తల్లి పొట్టకు ఆనుకుని ఉంటుంది. నాలుగో వారానికి గానీ సొంతంగా ఒంటి వేడిని నిలుపుకోవడం అలవడదు.

చల్లబడిన కూన పేగులు పనిచేయడం మానేస్తాయి. ఆ స్థితిలో తాగించిన పాలు అరగకుండా కడుపులోనే నిలిచిపోయి పులుస్తాయి, లేదా పైకి పొంగి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. వానలో తడిసి దొరికిన కూనను చూడగానే ఎవరికైనా పాలు పట్టాలనిపిస్తుంది. చాలా కూనలు పోయేది సరిగ్గా అక్కడే. ముందు తుడిచి ఆరబెట్టాలి. తర్వాత వేడినీళ్ళ సీసాను మందపాటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి, లేదా మన ఒంటికి ఆనించి పట్టుకోవాలి. గంట, రెండు గంటలు పట్టినా సరే నెమ్మదిగానే వేడెక్కించాలి. నోట్లో వేలు పెట్టి చూస్తే లోపల వెచ్చగా తగలాలి, కూన వేలిని చప్పరించాలి. అప్పుడే పాలు. మరీ నీరసించి ఉంటే, వేడెక్కాక చిగుళ్ళకు ఒక చుక్క గ్లూకోజు నీళ్ళు రాసి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

మొదటి వారంలో కూనలు పడుకునే చోట 30 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఏప్రిల్‌లో బెజవాడలో దీనికి ప్రయత్నమే అక్కర్లేదు, అక్కడ వడదెబ్బ తగలకుండా చూసుకోవడమే పని. డిసెంబరు రాత్రి హైదరాబాదులో మాత్రం తప్పకుండా ఏర్పాటు కావాలి. ఏ కాలంలోనైనా వేడిచేసే వస్తువును పెట్టెలో సగం వరకే ఉంచాలి. నడవలేని కూన కూడా ఎక్కువ వేడి నుంచి పక్కకు పాకగలగాలి. ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు.

ఏ పాలు, ఎలా

వీలుంటే అన్నింటికన్నా మంచి మార్గం ఇంకో బాలింత పిల్లి. ఆడపిల్లులు ఒకచోట కలిసి ఈని, ఒకదాని పిల్లలకు మరొకటి పాలివ్వడం పొలాల దగ్గర, గోదాముల్లో తరచుగా కనిపిస్తుంది. బయటి కూనను కూడా అవి చాలాసార్లు సులువుగానే చేరదీస్తాయి. మీ ప్రాంతంలో జంతు సంరక్షణ సంస్థ ఉంటే, హైదరాబాదులో 1992లో మొదలైన బ్లూ క్రాస్ లాంటిది, ముందు అక్కడ ఈ సంగతి అడిగి చూడడం మంచిది.

అది కుదరనప్పుడు మన ఇళ్ళలో చేయి వెళ్ళేది ఆవుపాల మీదికో, గేదెపాల మీదికో. పిల్లిపాలలో ప్రోటీన్ ఆవుపాలలో కంటే రెట్టింపు పైనే ఉంటుంది, కొవ్వు కూడా ఎక్కువ. గేదెపాలలో కొవ్వు దండిగా ఉన్నా ప్రోటీన్ చాలదు. కూనకు కావలసిన శక్తి ఆవుపాల నుంచి రావాలంటే ఎక్కువ పాలు తాగాలి, దాంతోపాటే లాక్టోజ్ అనే పాలచక్కెర మోతాదుకు మించి పేగుల్లో చేరుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. నూరు గ్రాముల శరీరంలో నీళ్ళు ఎన్ని ఉంటాయి గనుక? ఒక్క పూట విరేచనాలు చాలు, కూన వాడిపోతుంది. మేకపాలూ ఇందుకు పెద్దగా మేలు కాదు. పెట్ షాపుల్లో పిల్లికూనల కోసమే తయారైన పాలపొడి దొరుకుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ ఈ ఖర్చులో పొదుపు చేయకూడదని నా అభిప్రాయం.

ఆ పొడి డబ్బా మీద టారిన్ అన్న పేరు కనిపిస్తుంది. చాలా జంతువులు ఈ పదార్థాన్ని తగినంత తయారుచేసుకుంటాయి, పిల్లి చేసుకోలేదు. తిండిలో టారిన్ లేకపోతే పిల్లుల కంటి రెటీనా క్షీణిస్తుందని 1975లో కె.సి. హేస్ బృందం చూపింది. 1987లో పాల్ పయన్ బృందం ఇదే లోపంతో గుండె కండరం సాగి బలహీనపడుతుందని కనుక్కుంది. టారిన్ ఇస్తే ఆ గుండెలు చాలావరకు కోలుకున్నాయి. అప్పటినుంచే పిల్లుల ఆహారం చేసే కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి. అంతకు ముందు ఎందరో తమ పిల్లులకు మంచి తిండే పెడుతున్నామనుకుంటూ వాటిని గుండెజబ్బుతో పోగొట్టుకున్నారు.

పాలు పట్టే తీరు కూడా ముఖ్యమే. మనిషి బిడ్డను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకునే అలవాటు మన చేతులకుంది. కూనకు అలా చేస్తే పాలు శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా వస్తుంది. తల్లి పొట్ట దగ్గర ఉన్నట్టే బోర్లా, నాలుగు కాళ్ళూ కింద ఆని, తల కొద్దిగా పైకి ఉండాలి. సీసాను నొక్కకూడదు, చప్పరించినంతే రావాలి. నూరు గ్రాముల కూన కడుపులో ఒకసారికి పట్టేది సుమారు 4 మిల్లీలీటర్లు. అందుకే మొదటి వారంలో రెండు మూడు గంటలకొకసారి, రాత్రి కూడా, లేవక తప్పదు. రెండో వారానికి మూడు నాలుగు గంటలకు, మూడో వారానికి నాలుగైదు గంటలకు ఆ ఎడం పెరుగుతుంది. ఉద్యోగం చేసేవాళ్ళు ఒంటరిగా చేయగల పని కాదిది. అమెరికాలో శాన్ డియాగో హ్యూమేన్ సొసైటీ 2009లో రాత్రింబవళ్ళు మనుషులు ఉండే పిల్లికూనల నర్సరీని తెరిచింది ఈ కారణానికే. మన ఇళ్ళలో ఆ పని అత్తాకోడళ్ళో, అన్నదమ్ములో, పక్క ఫ్లాట్‌వాళ్ళో వంతులేసుకుంటే తప్ప సాగదు.

పాలతోపాటు తల్లి మరొకటి ఇస్తుంది, దాన్ని మనం సీసాలో పోయలేం. పిల్లుల్లో రోగనిరోధక ప్రతిరక్షకాలు మావి ద్వారా పిల్లకు అందేది బహు స్వల్పం. దాదాపు మొత్తం జున్నుపాలలోనే రావాలి. పేగు గోడ వాటిని రక్తంలోకి పోనిచ్చేది పుట్టాక మొదటి 16 గంటలు మాత్రమే, ఆపైన ఆ దారి మూసుకుపోతుంది. ఆ కాస్త సమయం తల్లి దగ్గర గడిపిన కూనకూ, గడపని కూనకూ జబ్బుల్ని తట్టుకోవడంలో తేడా ఉంటుంది. రెండో రకం కూనలకు ఆరోగ్యమైన పెద్ద పిల్లి రక్తం నుంచి తీసిన సీరమ్‌ను కొందరు పశువైద్యులు చర్మం కింద ఎక్కిస్తారు. మనం చేయగలిగింది శుభ్రత. ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కుని, సీసా మరిగించి వాడడం.

తడిగుడ్డ పని

పాలు తాగిన ప్రతిసారీ తల్లి కూనను వెల్లకిలా తిప్పి తోక కింద నాకుతుంది. ముద్దు చేస్తోందనుకుంటాం. నిజానికి ఆ స్పర్శ లేకపోతే కూన మూత్రాశయం ఖాళీ కాదు. గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో మనం మెల్లగా అద్దుతూ రుద్దితే మూత్రం, తర్వాత మలం వస్తాయి. మూడు వారాలు దాటేదాకా ఈ పని ప్రతిసారీ చేయాలి. తెలియక మానేస్తే పొట్ట ఉబ్బి, కూన పాలు మానేస్తుంది.

ఈ ఏర్పాటు ఎందుకున్నట్టు? గూడు తడవదు, వాసన రాదు, ఆ వాసన పట్టుకుని శత్రువు రాదు. తల్లి నాకి మింగడంతో పాలల్లో పోయిన నీరు కొంత తిరిగి దక్కుతుంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలియం డి గ్రోట్ ఈ ప్రతిచర్యను ఏళ్ళ తరబడి పరిశోధించాడు. కూన ఎదిగేకొద్దీ మెదడు నుంచి దిగే మార్గం బలపడి, వెన్నుపాములోని ఈ పాత మార్గాన్ని అణచివేస్తుంది. ఎదిగిన పిల్లికి వెన్నుపాము దెబ్బతింటే, అణగిపోయిన ఆ పసితనపు ప్రతిచర్య మళ్ళీ బయటపడుతుంది. వెన్నెముక గాయాలైన మనుషుల మూత్రాశయ సమస్యల్ని అర్థం చేసుకోవడానికి ఈ పరిశోధన ఎంతో ఉపయోగపడింది.

రోజూ ఒకే వేళకు, వంటింట్లో వాడే డిజిటల్ కాటా మీద కూనను తూచి రాసుకోవాలి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒకరోజు పెరగకపోతే జాగ్రత్తపడాలి. తగ్గితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. జబ్బు సంగతి కూన అరుపులో తెలియకముందే అంకెలో తెలుస్తుంది. ఇంత చేసినా కొన్ని దక్కవు. పొద్దున బాగానే పాలు తాగినది సాయంత్రానికి వాలిపోతుంది. పుట్టుకతోనే లోపాలున్నవి, తల్లి కడుపులో ఉండగానే వైరస్ సోకినవి, తల్లి దగ్గర ఉన్నా బతకనివి కొన్ని ఉంటాయి. సాకినవాళ్ళు ఆ నేరం తమ మీద వేసుకోవడం నేను చూశాను. వాళ్ళకు ఈ మాట ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి: వెచ్చగా, ఆకలి లేకుండా, ఒక చేతి స్పర్శలో పోవడం వీధిలో పోవడం లాంటిది కాదు.

కళ్ళు తెరిచాక

ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య కళ్ళు విచ్చుకుంటాయి. అన్ని కూనల కళ్ళూ నీలంగానే ఉంటాయి, అసలు రంగు ఆరేడు వారాలకు తెలుస్తుంది. రెప్పల్ని మనం విడదీయకూడదు. కళ్ళు తెరవకముందు కూన లోకమంతా వాసన, స్పర్శ, వెచ్చదనం. న్యూయార్క్‌లో జే రోజెన్‌బ్లాట్, ఆయన సహచరులు 1960లలో చేసిన పరిశీలనలు ఇక్కడ చాలా ఉపయోగం. కూనలు మొదటి కొద్ది రోజుల్లోనే తలా ఒక చనుమొనను సొంతం చేసుకుంటాయి. గూటి మూలకు దూరంగా పెడితే, కళ్ళు తెరవని కూన వాసన పట్టుకుని తన మూలకు పాకి, అక్కడ చేరాక అరుపు ఆపేస్తుంది. దీని నుంచి మనకు దొరికే పాఠం ఒకటుంది. పక్కబట్టలన్నీ ఒకేసారి ఉతకడానికి వేయకూడదు. పాత వాసన ఉన్న గుడ్డ ఒకటి ఎప్పుడూ లోపల ఉండాలి.

చూపు సంగతి ఇంకా లోతైనది. డేవిడ్ హ్యూబెల్, టార్స్‌టెన్ వీజెల్ 1960లలో హార్వర్డ్‌లో పిల్లికూనల మీద ప్రయోగాలు చేశారు. ఒక కంటి రెప్పను కొన్ని వారాలు కుట్టి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను ఆరోగ్యంగానే ఉంది. కానీ మెదడులోని చూపు కణాలు దాదాపు ఏవీ ఆ కంటి మాట వినలేదు, అన్నీ రెండో కంటికే అంకితమైపోయాయి. పెద్ద పిల్లికి నెలల తరబడి కన్ను మూసి ఉంచినా ఇలా జరగలేదు. నాలుగో వారం నుంచి మూడో నెల దాకా మెదడు చూడడం నేర్చుకునే గడువు, అందులోనూ మొదట్లో అది మరీ సున్నితం. చదవడానికి బాధ కలిగించే ప్రయోగాలివి. పుట్టుకతో కంటిపొర ఉన్న పసిబిడ్డలకు ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయాలని, మెల్లకన్నుకు చిన్నప్పుడే చికిత్స చేయాలని వైద్యులు ఇప్పుడు పట్టుబట్టడం వెనక వీటి జ్ఞానం ఉంది. ఇద్దరికీ 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. వీధి నుంచి తెచ్చిన కూనకు జలుబు చేసి, కళ్ళు పుసులతో అంటుకుపోవడం మామూలు. ‘రెండు రోజులు చూద్దాం’ అని ఊరుకోకూడదు. గోరువెచ్చని నీటితో తుడిచి, అదే రోజు మందు వేయించాలి.

మనుషుల మీద నమ్మకానికి కూడా ఇలాంటి గడువే ఉందని 1980లలో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ తేల్చింది. మూడో వారం నుంచి రోజూ చేతుల్లోకి తీసుకున్న కూనలు పెద్దయ్యాక మనిషి దగ్గరికి చప్పున వచ్చాయి, ఒళ్ళో ఎక్కువసేపు ఉన్నాయి. ఏడో వారంలో మొదలుపెట్టినవాటికి అంత చనువు రాలేదు. రోజుకు 15 నిమిషాల కంటే 40 నిమిషాల స్పర్శ ఎక్కువ పనిచేసింది. మొత్తం మీద రెండు నుంచి ఏడు వారాల మధ్య కాలం ముఖ్యమని ఆమె నిర్ధారణ. అంతకు ముందే, 1967లో, ఆర్. కొలార్డ్ ఇంకొకటి గమనించింది: ఒకే మనిషి ఎత్తుకున్న కూనల కంటే అయిదుగురు ఎత్తుకున్న కూనలు కొత్తవాళ్ళకు తక్కువ బెదిరాయి. 1995లో శాండ్రా మెక్యూన్ పరిశోధన ఈ కథకు మరో వైపు చూపింది. తండ్రి పిల్లి స్వభావం ధైర్యమైనదైతే, అది కంటితో చూడని తన పిల్లలు కూడా ధైర్యంగా ఉన్నాయి. కాబట్టి నాలుగు కూనల్నీ ఒకేలా పెంచినా ఒకటి మంచం కిందే ఉండిపోతే అది మన పెంపకంలో లోటే అనుకోనక్కర్లేదు. ఒకే ఈతలో పుట్టిన కూనలకు తండ్రులు వేరు కావచ్చు కూడా.

సాకే ఇంట్లో నాలుగైదు వారాల వయసు వచ్చేసరికి కూనల్ని గది మూల నుంచి ఇంటి మధ్యకు తేవాలి. కుక్కరు కూత, మిక్సీ రొద, కాలింగ్ బెల్, పిల్లల గోల, తాతగారి చేతికర్ర చప్పుడు, అన్నీ వాటికి పరిచయం కావాలి. ఇంటికి వచ్చినవాళ్ళ చేతికి కాసేపు ఇవ్వాలి. సాధారణంగా ఈ పని ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఎంతో ఇష్టంగా చేస్తారు. ఒక్క జాగ్రత్త: వేళ్ళతో ఆడించకూడదు. ఇప్పుడు ముద్దుగా ఉన్న కాటు ఆరు నెలల తర్వాత రక్తం చూపిస్తుంది. కాటు ఎంత గట్టిగా పడితే నొప్పో కూన తన తోబుట్టువుల నుంచి, తల్లి నుంచి నేర్చుకుంటుంది. ఒంటరిగా దొరికిన కూనకు అదే వయసు జోడు వెతికి పెట్టడం ఇందుకే.

తిండి, ఇంట్లోని విషాలు

మూడో వారంలో పాలపళ్ళు మొలుస్తాయి. నాలుగో వారం నుంచి కూనల తిండిని పాలపొడిలో జావలా కలిపి పళ్ళెంలో పెడితే, మొదట అందులో నడుస్తాయి, తర్వాత తింటాయి. అదే సమయంలో ఇసుక గీకడం మొదలుపెడతాయి. లోతు తక్కువ తట్టలో మామూలు ఇసుకో, చింపిన కాగితాలో చాలు. తడిస్తే గడ్డకట్టే రకం లిట్టర్ ఈ వయసులో వద్దు, కూనలు దాన్ని రుచి చూస్తాయి.

మన ఇళ్ళలో పిల్లికి పెరుగన్నం, పాలన్నం పెట్టడం తరాలుగా ఉన్నదే. వీధిపిల్లి ఆ అన్నంతోపాటు ఎలుకల్నీ, బల్లుల్నీ తిని లోటు పూడ్చుకునేది. ఫ్లాటులో తలుపులు మూసి పెంచే కూనకు ఆ అవకాశం లేదు. పిల్లి పూర్తిగా మాంసాహారి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకోలేదు, టారిన్ తయారుచేసుకోలేదు. శాకాహార కుటుంబాలు పిల్లిని దత్తు తీసుకోకూడదని నేననను, వాళ్ళ ఇళ్ళలో ప్రాణంగా పెరుగుతున్న పిల్లులున్నాయి. కానీ పిల్లుల ఆహారం కొని పెట్టడానికి మనసు ఒప్పుకోవాలి. దీనికి వ్యతిరేకమైన పొరపాటు మాంసాహార ఇళ్ళలో జరుగుతుంది: ఎముకలు తీసిన ఉడికించిన చికెన్ ఒక్కటే నెలల తరబడి పెట్టడం. ఒట్టి మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. ఎదిగే కూన తన ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించుకుంటుంది. కుర్చీ మీది నుంచి దూకితే కాలు విరుగుతుంది. కూర ముక్కలు కూడా పెట్టకూడదు, ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాల్ని ధ్వంసం చేస్తాయి.

ఇల్లు తుడిచే ఫినాయిల్, చీరల మధ్య పెట్టే కలరా ఉండలు, జ్వరానికి వేసుకునే పారాసిటమాల్: మూడూ పిల్లికి విషాలే. ఫినాల్ జాతి పదార్థాలకు గ్లూకురానిక్ ఆమ్లాన్ని తగిలించి బయటికి పంపే ఎంజైమ్ ఒకటి మన కాలేయంలో ఉంది. ఆ ఎంజైమ్‌కు చెందిన జన్యువు పిల్లుల్లో ఎప్పుడో చెడిపోయింది. పెద్దపులిలోనూ, సింహంలోనూ అంతే. మాంసమే తినే వంశానికి మొక్కల్లోని విషాలను విరిచే పని పెద్దగా పడకపోవడం కారణమని శాస్త్రజ్ఞుల ఊహ. కారణం ఏదైనా, కూన ఒళ్ళు వేడిగా ఉందని సగం మాత్ర వేస్తే అది చావు మందే. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందులూ అంతే. కూనకు గోమార్లు పడితే సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి తీయాలి, ఎందుకంటే అవి తాగే రక్తం చాలు, చిన్న కూన రక్తహీనతతో చనిపోతుంది. పూలదండ దారాలు, రబ్బరు బ్యాండ్లు కూడా నేల మీద ఉండకూడదు. మింగిన దారం పేగుల్ని కోస్తుంది.

వీటన్నిటికంటే వేగంగా చంపేది పాన్‌ల్యూకోపీనియా, సాకేవాళ్ళ మాటల్లో పార్వో. ఈ వైరస్ గదిలో ఏడాది దాకా బతకగలదు. శానిటైజర్‌కు చావదు, ఒక వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు ఉంచితే చస్తుంది. కొత్తగా తెచ్చిన కూనల్ని ఇంట్లోని పిల్లులకు రెండు వారాలు దూరంగా ఉంచాలి. టీకా ఆరు నుంచి ఎనిమిదో వారంలో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాకా సాగుతుంది. జున్నుపాలలో వచ్చిన ప్రతిరక్షకాలు ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వవు, అవి ఏ కూనలో ఎప్పుడు తరుగుతాయో తెలియదు, అందుకే అన్నిసార్లు. నులిపురుగుల మందు రెండో వారం నుంచే మొదలవుతుంది, తల్లి పాలలోంచి కూడా ఏలికపాములు వస్తాయి కాబట్టి. మూడో నెలలో రేబిస్ టీకా. సాకే మనిషికి కాటు గానీ గీరు గానీ పడితే పావుగంట సేపు సబ్బు, నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. కూన చిన్నదని ఊరుకోకూడదు.

అప్పగింత

ఎనిమిది వారాల లోపు కూనను ఎవరికీ ఇవ్వకూడదు. ఫిన్లాండ్‌లో హెల్సింకీ విశ్వవిద్యాలయం వారు దాదాపు 6 వేల పిల్లుల యజమానుల్ని అడిగి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది వారాలకు ముందే వేరుచేసిన పిల్లుల్లో దూకుడు ఎక్కువగా కనిపించింది. పద్నాలుగు వారాల దాకా ఆగితే ఇంకా మేలని వాళ్ళ సలహా. కూన తొమ్మిది వందల గ్రాములు దాటి, తానే తిని, ఇసుకలో వెళ్ళి, ఒక టీకా అయినా పడి ఉండాలి. వీలైతే జంటగా ఇవ్వాలి. తీసుకునేవాళ్ళ బాల్కనీకి వల ఉందా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ఆడపిల్లను ఇచ్చేటప్పుడు పెద్దలు అడిగినన్ని ప్రశ్నలు అడగవచ్చు. కూన వెళ్ళిన రోజు ఇల్లు బోసిపోతుంది, ఏడుపొస్తుంది. అన్నింటినీ ఉంచేసుకుంటే తర్వాత దొరికే కూనలకు చోటుండదు.

అప్పగింతతోపాటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మాట ఖాయం చేసుకోవాలి. నాలుగో నెలలో చేయించవచ్చు. అంతకంటే ఆలస్యమైతే కొన్ని ఆడపిల్లులు అప్పటికే కడుపుతో ఉంటాయి. కూనల తల్లి వీధిలోనే ఉందని తెలిస్తే దాన్నీ వదలకూడదు. పిల్లికి జతకట్టినప్పుడే అండం విడుదలవుతుంది, పాలిస్తూ ఉండగానే మళ్ళీ ఎదకు రాగలదు, 65 రోజుల్లో మళ్ళీ ఈనుతుంది. కూనలు పాలు మానిన రెండు వారాలకు దాని పొదుగు ఆరుతుంది. అప్పుడు బోనులో పట్టి, ఆపరేషన్ చేయించి, గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. బోను, డాక్టరు తేదీ ముందే చూసి పెట్టుకుంటే అది ఇంకో ఇంటికి మకాం మార్చేలోపు పని అవుతుంది.